కొలత లేని కన్ను

నవంబరు 14

మామయ్యా,

నువ్వు ఫోను ఎత్తవు, ఎత్తినా నీకు వినపడదు. పాలిష్ చక్రం పక్కన ఇన్నేళ్ళు కూర్చుని, కన్ను పోయినవాళ్ళకి కళ్ళు చేసి పెడుతూ నీ చెవులు పోగొట్టుకున్నావు. అందుకే ఈ ఉత్తరం. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని అమ్మ అంటుంది కదా, కాస్త ఓపిగ్గా చదువు.

ఇక్కడ రేవులో రోజూ పొద్దున్నే పొగమంచు. క్రేను పైన నా గదిలోకెక్కి కూర్చుంటే కింద నేల ఉండదు, నీళ్ళుండవు, ఓడ ఉండదు. నా కాళ్ళ కింద అద్దం, ఆ అద్దం కింద అంతా తెలుపు. కాసేపటికి అందులోంచి ఒక కంటెయినరు మూల బయటికొస్తుంది, తర్వాత ఇంకోటి, ఎర్రది, నీలిది. ఎవరో తొందర లేకుండా ప్రపంచాన్ని ముక్కలు ముక్కలుగా పైకి పంపుతున్నట్టుంటుంది. అంత ఎత్తున కూర్చోబట్టే నా కళ్ళు నెత్తికెక్కాయని అమ్మ వెక్కిరిస్తుంది. ఇప్పుడు ఆ కళ్ళ సంగతే నీతో చెప్పాలి.

మొన్న ఎడమ కంట్లో నలుసు పడింది. అది నలుపుకుంటూ కుడి కంటితో కిందికి చూశాను. కంటెయినరు అంచు వంగి ఉంది. నీళ్ళలో పెట్టిన కర్ర వంగినట్టు కనబడుతుంది చూడు, అలాగ. డెక్కు మీద నిలబడి నాకు చేత్తో సైగలు చేసే మనిషికి తల లేదు. నారింజరంగు కోటు ఉంది, ఊపుతున్న చెయ్యి ఉంది, మెడ పైన మాత్రం మంచే. రెండు కళ్ళూ తెరిస్తే తల వచ్చేసింది. కుడి కన్ను ఎప్పటినుంచి ఇలా ఉందో నాకే తెలీదు, ఎడమది దాని పని కూడా చేసుకుపోతున్నట్టుంది.

పెట్టెని మెల్లిగా దించి, కడుపునొప్పని మేస్త్రీతో చెప్పి దిగి వచ్చేశాను. నా కింద మనుషులు తిరుగుతారు మామయ్యా. నాకు భయంగా ఉంది. జీవితమంతా కళ్ళతోనే గడిపినవాడివి, ఏం చెయ్యమంటావో చెప్పు. అమ్మకి మాత్రం చెప్పకు.

నీ పిచ్చుక


నవంబరు 22

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా చేతిలో ఒక బడిపంతులుగారి కన్ను ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి చదివాను. చదువుతున్నంతసేపూ అది నన్ను పంతులుగారిలాగే చూసింది, తప్పు చదివితే కొట్టేలాగ.

నన్నడిగావు గానీ నాకు తెలిసింది కంటి గుమ్మం వరకే. తెల్లగుడ్డు, నల్లగుడ్డు, పాప, అంతవరకే. నీ జబ్బు ఆ వెనక గదిలో ఉన్నట్టుంది, ఆ గది నేనెప్పుడూ చూసినవాణ్ణి కాను. కాబట్టి రేపూ మాపూ అనకుండా రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇప్పుడు సెలవు దొరకదనీ, మంచు తగ్గాక వెళ్తాననీ కథలు చెప్పావంటే నేనే బస్సెక్కి వస్తాను.

అన్నట్టు, నీ కళ్ళ ఫొటోలు పంపు. కిటికీ పక్కన నిలబడి, పగటి వెలుతురులో తీయించుకో. నాకు చూడాలని ఉంది.

పంతులుగారి కన్ను తేలిగ్గానే అయిపోయింది, రక్తనాళాల దగ్గర మాత్రం ఆగాను. నీకు గుర్తుందా, చిన్నప్పుడు సెలవులకొచ్చి నా కొట్లో కూర్చుని ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి ఇచ్చేదానివి? ఇప్పటికీ అంతే. ఒక్కో పోగునీ పట్టకారుతో తెల్లగుడ్డు మీద పరుస్తాను. అవి లేకపోతే కన్ను ఉడికిన కోడిగుడ్డులా ఉంటుంది. తిన్నగా పరిచినా ఎవరూ నమ్మరు, కాస్త దారి తప్పినట్టు పరవాలి.

మీ అమ్మకి చెప్పను. కానీ రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకొచ్చి నా ఎదురుగానే కూర్చుంటుంది. నా తోడబుట్టిన అక్క ముందు మొహం దాచుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు.

నీ కళ్ళ మామయ్య


డిసెంబరు 3

మామయ్యా,

వెళ్ళాను. డాక్టరమ్మ చాలా నెమ్మదస్థురాలు. ఆవిడ ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నేను క్రేను దిగి మళ్ళీ ఎక్కి రావచ్చు.

చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి కంటి వెనక ఫొటోలు తీశారు. ఆ రోజంతా నా ఒళ్ళు పసుపు పచ్చగా ఉంది. వీధిలో జనం నన్నే చూస్తున్నారనిపించింది, నాకు మాత్రం దీపం మింగి నడుస్తున్నట్టు హాయిగా ఉంది. తర్వాత ఆవిడ ఆ ఫొటో చూపించింది. నల్లటి ఆకాశం, అందులో సన్నటి తెల్లకొమ్మలు. ఒక మూల ఆ కొమ్మలకి చిన్న చిన్న దీపాలు వేలాడుతున్నాయి.

"ఎంత బాగుందో!" అన్నాను.

"ఆ దీపాలే మన బాధమ్మా," అంది.

అవి దీపాలు కావట, ఉబ్బిపోయిన రక్తనాళాలట. వాటిలోంచి నీరూ, కొవ్వులాంటి పచ్చటి పదార్థమూ కారి కంటి వెనక ఉండే రెటీనా తెర కింద చేరాయట. కారే కుళాయి వెనక గోడ ఉబ్బదూ, అలాగన్నమాట. కోట్స్ జబ్బంటారట. మామూలుగా చిన్నపిల్లలకి, అందులోనూ మగపిల్లలకి వస్తుందట. ఇంత వయసులో, అదీ ఆడదానికి, ఎక్కడో నూటికో కోటికో ఒకరికి. నేనేం చేశానని వచ్చిందని అడిగాను.

"నువ్వు చేసిందేమీ లేదు. ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇంకెవరికీ అంటుకోదు. ఆ నాళాల్ని లేజరుతో మూసేద్దాం, కారడం తగ్గడానికి కంట్లోకి సూదిమందు వేద్దాం. ఒక్కసారితో అయ్యే పని కాదు. మధ్యలో మానేశావో, మళ్ళీ కారతాయి. తెర ఊడిపోతే ఇక నా చేతుల్లో ఉండదు," అంది.

మధ్యలో మానేయడం అనే మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ నెమ్మదిగా మాట్లాడలేదు.

రేవులో నిజం చెప్పేశాను. నన్ను కిందికి దింపి గేటు ఆఫీసులో కూర్చోబెట్టారు. రెండు కళ్ళూ కలిస్తేనే లోతు తెలుస్తుంది కదా, వాళ్ళు చేసింది సబబే. అయినా నేల మీద నుంచి నా క్రేను చూస్తే ఏడుపొచ్చింది. నాకు ఆ గది మళ్ళీ కావాలి మామయ్యా. ఈ కన్ను కావాలి.

ఫొటోలు పంపుతున్నాను. రెండు కిటికీ దగ్గరవి. మూడోది నేను దిగిపోయే రోజున తోటి క్రేనువాడు ఫ్లాష్ కొట్టి తీశాడు. అందులో నా కుడి కన్ను పిల్లి కన్నులా మెరిసింది, చూసి నవ్వుకో.

నీ పిచ్చుక


డిసెంబరు 15

బంగారూ,

ఫొటోలు అందాయి. మూడూ చూశాను.

నువ్వు ధైర్యంగా ఉండాలి. మనిషికి అలవాటు కానిది ఏదీ లేదు. నా దగ్గరికి ఒక దర్జీ వచ్చేది, మొదట్లో సూదిలో దారం ఎక్కించలేకపోయేది. ఇప్పుడు కబుర్లు చెబుతూ ఎక్కించేస్తుంది. ఒక వంటాయన ఉన్నాడు, ఆయనది ఏ కన్నో నాకే గుర్తుండదు, నేను చేసిందే అయినా. మొన్న అద్దంలో చూసుకుని, "ఇన్నాళ్ళూ ఇది నాదే అనుకున్నాను సుమా," అన్నాడు.

ఒక మాట అడుగుతాను, ఎందుకని అడక్కు. నీ నల్లగుడ్డు కింది అంచున తేనెరంగు మచ్చ ఉండేది చిన్నప్పుడు. ఇప్పుడూ ఉందా? ఫొటోలో రెప్ప నీడ పడి సరిగ్గా తెలియడం లేదు. ఆ మచ్చ చుట్టూ ఉన్నది బెల్లం రంగా, కాఫీ రంగా? పొద్దుటి వెలుగులో చూసుకుని రాయి.

వేళకి తిను. నిద్రపో. నీకేమైనా నేనున్నాను.

మామయ్య


డిసెంబరు 28

మామయ్యా,

ఏమిటి నువ్వు ఇంత మెత్తగా రాశావు? ఒక్క తిట్టయినా లేదు. ఒంట్లో బాగానే ఉందా?

మచ్చ ఉంది. చుట్టూ కాఫీ రంగు, పాలు తక్కువేసిన కాఫీ. చాలా? నీ దర్జీ కబురూ వంటాయన కబురూ గేటు ఆఫీసులో అందరికీ చెప్పాను, బాగా నవ్వారు.

మొదటి విడత అయింది. చుక్కల మందు వేసి, రెప్పలు తెరిచిపట్టి సూది వేశారు. చూడలేననుకున్నాను, తీరా చూస్తే అది కనపడనే లేదు. చిన్న నొక్కుడు, అంతే. తర్వాత రెండు రోజులు కంటి అడుగున గుండ్రటి బుడగలు తేలాయి. తల తిప్పితే అవీ తిరిగేవి. మంచం మీద పడుకుని చెరువు అడుగునుంచి పైకి చూస్తున్న చేపలాగా ఉండిపోయాను. లేజరప్పుడు ఒకటే ఆకుపచ్చ మెరుపులు. అయ్యాక గదంతా ఊదారంగు. డాక్టరమ్మ తెల్లకోటు ఊదా, ఆవిడ పళ్ళు కూడా ఊదా. ఇంత అందంగా ఉండే చోట ఇంత భయపడాల్సి రావడం ఏమిటో!

ఇంకా ఏమీ మారలేదు. గీతలు వంకరగానే ఉన్నాయి, మధ్యలో మసక అలాగే ఉంది. అది మామూలేనట, పేరుకున్నది కరగడానికి నెలలు పడుతుందట. వచ్చే నెల మూడో వారంలో రెండో విడత.

పిచ్చుక


జనవరి 21

మామయ్యకి,

పార్సిలు వచ్చింది. ఉత్తరం కన్నా బరువుగా ఉంటే ఏదైనా తినేది పంపావనుకుని సంబరంగా విప్పాను. దూదిలోంచి నా కన్నే నన్ను చూసింది.

దాంతో పాటు నువ్వు పెట్టిన చీటీలో ఒక్క ముక్క. "భయపడకు, నేనున్నాను." భయపడకుండా ఎలా ఉంటాను? ఆ మచ్చ కోసమా అడిగావు? నేను పొద్దున్నే లేచి, అద్దం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, కాఫీ రంగని రాసింది ఇందుకా? ఆ దర్జీ, ఆ వంటాయన ఎందుకొచ్చారో ఇప్పుడు తెలిసింది. నా కన్ను ఇంకా బతికే ఉంది. బతికుండగానే దినం పెట్టావు.

ఇంకెవరైనా అయితే విసిరికొట్టేదాన్ని. కానీ నువ్వు కళ్ళు తెలిసినవాడివి. నాకు చెప్పలేని సంగతేదో ఆ ఫొటోలో చూసే ఉంటావు. డాక్టరమ్మ మొహమాటానికి దాచింది, మామయ్య దాచలేకపోయాడు అనుకున్నాను. మంగళవారం రెండో విడతకి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పోయే కంట్లో సూదులెందుకు?

నీ మేనకోడలు


జనవరి 27

పిచ్చుకా,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆసుపత్రికి వెళ్ళు. వెళ్ళొచ్చాక మిగతాది చదువు.

నేను మూర్ఖుణ్ణి. నాకు తెలిసింది కంటి గుమ్మం వరకే అని నేనే రాశాను, రాసి మళ్ళీ లోపలి గది గురించి తీర్పు చెప్పాను. ఆ మూడో ఫొటోలో నువ్వు చూసి నవ్వుకోమన్న మెరుపు ఉంది చూడు, నాకు అది నవ్వు తెప్పించలేదు. కొలత కోసం పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు పాత ఫొటోలు కూడా తెస్తారు, ఉన్న రంగు చూపించడానికి. వాటిలో కొన్నిట్లో ఇదే పచ్చటి మెరుపు. ఆ పిల్లలందరికీ చివరికి నేనే కన్ను చేశాను. అందుకని నీ కన్నూ పోయిందనుకున్నాను. నీకు డాక్టరమ్మ చెప్పింది రాశావు, చదివాను. చదివి కూడా నా అనుభవాన్నే నమ్మాను.

నీ ఉత్తరం అందిన రోజే ఇక్కడి కంటి ఆసుపత్రికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో వాళ్ళు నా దగ్గరికి మనుషుల్ని పంపడమే గానీ నేను అక్కడికి వెళ్ళింది లేదు. రెటీనా గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఒక లారీ డ్రైవరు కంటికి గంతతో బయటికొచ్చి, ఇది నాలుగోసారని చెప్పి, పేపరు తీసుకుని చదువుకున్నాడు. ఒకావిడకి నీ జబ్బే. ఏళ్ళ క్రితం లేజరు చేశారట, ఏడాదికోసారి చూపించుకుని పోతుందట. నాతో మాట్లాడుతూ తన రెండు కళ్ళతోనూ నన్ను చూసింది. వాళ్ళెవరికీ నాతో పని లేదు, అందుకే నేను వాళ్ళనెప్పుడూ చూడలేదు. నా కొట్లోకి వచ్చేది ఓడిపోయినవాళ్ళే. లోకమంతా ఓడిపోయిందనుకుంటూ బతికాను.

పార్సిలు ఎందుకు పంపానంటావా? నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళు అద్దం చూసుకుని నవ్వుతూ వెళ్తారు. నీకు ఆ ఏడుపు లేకుండా ముందే నవ్వు పంపుదామనుకున్నాను. ప్రేమతోనే చేశాను, అయినా తప్పే.

ఇంకో సంగతి. నల్లగుడ్డు బల్ల మీద ఆరుతుంటే మీ అమ్మ క్యారియరుతో వచ్చింది. వంగి చూసి, "ఇది నా కూతురి కన్ను. ఎందుకు చేశావురా?" అంది. ఏదో సరదాకన్నాను. నమ్మినట్టు ఊరుకుంది, అన్నం మాత్రం వడ్డించకుండా వెళ్ళిపోయింది. నిన్న నీ ఉత్తరాలన్నీ ఆవిడ చేతిలో పెట్టాను. మాట తప్పాను, కావాలంటే దానికీ కలిపి తిట్టు. చదివి, సంచీ సర్దుకుని బస్సెక్కింది. ఈ ఉత్తరం కన్నా ముందే నీ తలుపు తట్టొచ్చు.

ఆ కన్ను ఎవరికీ పట్టదు, నీక్కూడా. కన్ను చేసే ముందు ఆ ఖాళీ చోటులో అచ్చు పోసి కొలత తీయాలి. నీ కన్ను నీ దగ్గరే ఉంటే నేను కొలతెలా తీస్తాను? చేస్తున్నన్నాళ్ళూ ఆ సంగతి నా చేతులకి తెలుసు, నాకు తట్టలేదు. దాన్ని సముద్రంలో పారెయ్యి. ఒకవేళ ఉంచుకుంటే, దాని మీద నాళాల్లో ఒక్క పోగు నా పట్టుదారం ఉండలోది కాదు. ఎక్కడిదో చెప్పను. బాగయ్యాక నీ కుడి కంటితో నువ్వే వెతుక్కో.

నీ మూర్ఖపు మామయ్య


ఫిబ్రవరి 6

మామయ్యా,

అమ్మ వచ్చింది. చెప్పులు విప్పకుండానే నన్ను తిట్టడం మొదలుపెట్టింది, ఆటోలో తిట్టింది, ఆసుపత్రి మెట్ల మీద తిట్టింది. లోపలికెళ్ళాక మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తెర కింద నీరు కొంచెం పెరిగిందట. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కష్టమయ్యేదట. ఎందుకు రాలేదని డాక్టరమ్మ అడిగింది. మా మామయ్య నాకో కన్ను పంపాడండీ అన్నాను. ఆవిడ కాసేపు నన్ను చూసింది, మతి కూడా పరీక్ష చెయ్యాలేమో అన్నట్టు. అంతా చెప్పాక, "మీ మామయ్య నాళాలు పరిచేవాడు, నేను మూసేదాన్ని. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం," అంది. సూదీ లేజరూ రెండూ అయ్యాయి. మళ్ళీ ఊదారంగు గది. అందులో అమ్మ కూడా ఊదాగా కూర్చుని ఉంది.

నీ మీద కోపం ఇంకా ఉంది. కన్ను మాత్రం పారెయ్యలేదు, కిటికీలో పెట్టాను. అమ్మ దాని మీద రుమాలు కప్పింది, నేను తీశాను.

పిచ్చుక


మే 9

మామయ్యా,

పొగమంచు పోయింది. పొద్దున్నే సముద్రం కడిగిన పళ్ళెంలా ఉంటోంది.

తెర కింద నీరు చాలావరకు ఇంకిపోయింది. పచ్చటిది ఇంకా ఒక అంచున మిగిలి ఉంది, అది మెల్లిగా పోతుందట. పోయినా మళ్ళీ కారతాయేమో చూసుకోవడానికి ఎప్పటికీ వస్తూనే ఉండాలట. వస్తానన్నాను. పూర్తిగా మునుపటి చూపు రాదని కూడా డాక్టరమ్మ చెప్పింది. తిన్నటి గీతలో ఒక చోట చిన్న వంపు ఉండిపోయింది. దానితో కాపురం చెయ్యడం నేర్చుకుంటున్నాను.

రేవు డాక్టరు లోతు పరీక్ష పెడితే మొదటిసారి తప్పాను. ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. రెండోసారి గట్టెక్కాను. ఒక నెలపాటు పక్కన ఇంకొకరు కూర్చుంటారు, ఆ తర్వాత గది నాదే. నిన్న ఎక్కాను. పనంతా అయ్యాక, క్రేను ఆపి ఎడమ కన్ను మూసి కిందికి చూశాను. డెక్కు మీద మనిషికి తల ఉంది. మీసం కూడా ఉంది మామయ్యా! ఇన్నాళ్ళూ ఆయనకి మీసం ఉందని నాకు తెలీదు. పైనుంచి చెయ్యి ఊపాను, ఆయన అదేదో కొత్త సైగ అనుకుని కంగారుపడ్డాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్ని నెలలుగా రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి కుడి కంటితో నీ కన్నుని చూస్తున్నాను. మొదట్లో అదొక తెల్లటి గుండు. తర్వాత కాఫీ రంగు వచ్చింది. మార్చిలో మచ్చ వచ్చింది. నాళాలు ఎర్రటి పొగలా ఉండేవి. ఈ మధ్య అవి విడివిడిగా కనిపించడం మొదలైంది. ఈ పొద్దున ముక్కు వైపు మూలలో ఒక పోగు దొరికింది. మిగతావాటి ఎరుపు కాదు, కొంచెం గులాబీకి తిరిగిన ఎరుపు, అంచు మీద ఉతికిన పాతదనం. ఎడమ కన్ను తెరవలేదు, ఒట్టు.

అది నా రిబ్బను. చిన్నప్పుడు నీ కొట్లో పోయిందని నేను నేల మీద పడి దొర్లిన రిబ్బను. నువ్వు బల్ల కిందా బీరువా వెనకా వెతికి లేదన్నావు. దొరికాక ఇన్నేళ్ళూ దాచుకున్నావన్నమాట, దొంగ మామయ్యా! అమ్మని పిలిచి చూపిస్తే, ఆవిడ ఆ కన్నుని మొదటిసారి చేతిలోకి తీసుకుంది. అప్పట్లో దాని మీద కప్పిన రుమాలుతోనే తన కళ్ళు తుడుచుకుంది.

కోపం పోయింది. సెలవులకి వస్తున్నాం, ఇద్దరం. ఆ వంటాయన్ని చూపించు, ఏ కన్ను నీదో నేను కనిపెడతాను.

చేతిరాత ఎప్పటికన్నా వంకరగా ఉంటే కోడి మీదకి తొయ్యకు. ఈ ఉత్తరం మొత్తం ఎడమ కన్ను మూసుకునే రాశాను.

నీ పిచ్చుక